ముందు యాక్సిల్ వదులైంది, అన్నదమ్ముల మధ్య మాట బిగుసుకుంది

తాడిపత్రి వైపు ఒక పల్లె నుంచి ఓ రైతు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దని కోరారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

వాళ్ల నాన్నగారు కొన్న హెచ్‌ఎంటీ ట్రాక్టరు, 35 హార్స్‌పవర్‌ది, ఇంకా ఇంట్లోనే ఉంది. నాన్నగారు పోయి మూడేళ్లయింది. అన్నదమ్ములిద్దరూ పొలం పంచుకున్నారు. ట్రాక్టరును కోసి పంచుకోలేరు కదా, అది ఉమ్మడిగానే ఉండిపోయింది. ఉత్తరం రాసినది అన్నగారు. ఎర్రనేలలో వేరుశనగ, నల్లరేగడిలో పప్పుశనగ వేస్తారు. గొర్రుకైనా గుంటకకైనా ట్రాక్టరే ఆధారం. సేద్యం పని లేని రోజుల్లో తమ్ముడు ట్రాలీ తగిలించి పాలిష్ ఫ్యాక్టరీలకు బండలు తోలుతున్నాడు. ఈ మధ్య ముందు యాక్సిల్ వదులైంది. తారు రోడ్డు మీద కాస్త వేగం పెంచితే స్టీరింగ్ చేతుల్లో నిలవడం లేదు. గుంతలో పడితే ముందు భాగంలో ‘టక్’మని చప్పుడు వస్తోంది. ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది.

ఊళ్లో మెకానిక్ నాన్నగారి స్నేహితుడు, వీళ్లు మామా అని పిలిచే పెద్దాయన. ‘పిన్నుకు వెల్డింగ్ నింపి, రేకు పెట్టి బిగిస్తే ఇంకో రెండు పంటలు లాగుతుంది’ అన్నారట. తాడిపత్రిలో లేత్ షాపువాళ్లు ముందు భాగమంతా విప్పి తెమ్మన్నారు. బావమరిది పాత ఇనుముకు అమ్మేయమన్నాడు. తమ్ముడు ‘గ్రీజు పెట్టడం నీ పని, నువ్వు చూసుకోలేదు’ అన్నాడు. అన్నగారు ‘నీ బండలే దీన్ని చంపాయి’ అన్నారు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు, ఏదైనా చెప్పాల్సి వస్తే అమ్మ చేత చెప్పిస్తున్నారు. అక్టోబరులో పప్పుశనగ విత్తడానికి ట్రాక్టరు కావాలి. ఏ రిపేరు చేయించాలి, డబ్బు ఎవరు పెట్టాలి, అసలు అమ్మేయడమే మేలా అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ ప్రశ్నల కన్నా ముందు నన్ను పట్టి ఆపింది మూడో పేజీలో మీరు యథాలాపంగా రాసిన ఒక మాట. ‘వారం వారం గ్రీజు కొడుతూనే ఉన్నాను. గన్ను నొక్కితే నిపుల్ పక్క నుంచే బయటికి వచ్చేస్తుంది, అంటే లోపల నిండినట్టే కదా’ అన్నారు. కాదండీ. నిపుల్ అంటే గ్రీజు లోపలికి వెళ్లే చిన్న మూతి. లోపల నిండితే గ్రీజు, యాక్సిల్‌ను బండికి కలిపే పిన్ను రెండు చివరల నుంచి, వాషర్ల సందుల్లోంచి బయటికి రావాలి. కొట్టిన చోటే పొంగుతోందంటే లోపలికి దారి లేదని అర్థం. నిపుల్‌లో గుండు బిగుసుకుని ఉండవచ్చు, దాని కింది రంధ్రంలో పాత గ్రీజు రాయిలా గట్టిపడి ఉండవచ్చు. లేదా ఎప్పుడో బుష్షు, అంటే పిన్ను చుట్టూ ఉండే లోహపు గొట్టం, మార్చినప్పుడు దాని రంధ్రాన్ని నిపుల్ రంధ్రానికి ఎదురుగా పెట్టకుండా దిగ్గొట్టి ఉండవచ్చు. ఈ మూడో పొరపాటు లేత్ షాపుల్లో, చెట్ల కింద చేసే రిపేర్లలో తరచూ జరిగేదే. బుష్షు కొత్తది, గ్రీజు కొత్తది, రెండూ ఒకదాన్నొకటి కలుసుకోవు. అంటే మీరు గ్రీజు కొట్టలేదన్న మీ తమ్ముడి మాట నిజం కాదు. గ్రీజు సరిగ్గా అందుతూనే ఉందన్న మీ నమ్మకమూ నిజం కాదు.

ఈ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. ముందు ఒక ఆపద ఉంది, అది చూడాలి. యాక్సిల్ ఇలా ఉన్నంత కాలం ఆ ట్రాక్టరుతో బండలు తోలడం ఆపించండి. మీ తమ్ముడు వాడుతున్నది రెండు చక్రాల ట్రాలీ అని రాశారు. దాని బరువులో ఒక భాగం ట్రాక్టరు వెనక హుక్కు మీద పడుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, ఎత్తు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. అందుకే ముందు బంపరు మీద రెండు బండలు కట్టి తోలుతున్నాడన్నమాట. ఆ రెండు బండల బరువు ఎక్కడ పడుతుందో ఆలోచించారా? యాక్సిల్ మధ్యలో దాన్ని బండికి కలిపే సెంటర్ పిన్ను మీదే, అది ఇప్పటికే అరిగి ఉండవచ్చు. గుంత దాటిన ప్రతిసారీ ముందు భాగం లేచి మళ్లీ పిన్ను మీద దబ్బున కూర్చుంటుంది. పిన్ను విరిగితే ట్రాక్టరు ముక్కు నేలకు గుచ్చుకుంటుంది, వెనక నుంచి రాళ్ల ట్రాలీ నెట్టుకొస్తుంది. డ్రైవరు సీట్లో ఉన్నది మీ తమ్ముడే. మీకు మాటల్లేకపోతే అమ్మ చేతనైనా ఇవాళే చెప్పించండి.

ఇంకొకటి కూడా చెప్పించండి. వ్యవసాయానికని రిజిస్టరు చేసి బీమా కట్టిన ట్రాక్టరుతో కిరాయికి రాళ్లు తోలుతున్నప్పుడు ప్రమాదం జరిగితే, పరిహారం దగ్గర బీమా కంపెనీ అడ్డం తిరిగే అవకాశం ఉంది. అప్పుడు ఆ భారం ఇద్దరి పొలాల మీదికి వస్తుంది.

ఇక రిపేరు. నలుగురూ తలా ఒక మాట చెప్పారు గానీ, ఆ నలుగురిలో ఒక్కరైనా బండిని జాకీ మీదికి ఎత్తి చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. ‘యాక్సిల్ లూజు’ అనేది ఒక జబ్బు కాదు. చక్రం బేరింగు వదులైనా అదే మాట, స్టీరింగ్ తిప్పితే చక్రం మళ్లే కింగ్ పిన్ను బుష్షులు అరిగినా అదే మాట, చక్రాలను స్టీరింగ్‌కు కలిపే టై రాడ్డు చివరలు పోయినా అదే మాట, సెంటర్ పిన్ను పోయినా అదే మాట. మొదటిది ఒక పూటలో, చిన్న ఖర్చుతో తేలిపోతుంది. చివరిది ముదిరితే బండి ముందు భాగం మొత్తం విప్పాలి. ఏది వదులైందో తేలకుండా ఖర్చు ఎవరిదని తగవు పడటం ఎందుకు?

మీరే చూసుకోవచ్చు. గట్టి నేల మీద బండి నిలిపి, ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీని యాక్సిల్ కింద ఎడమ చక్రం దగ్గర పెట్టి, చక్రం నేల వదిలేంత ఎత్తండి. పక్కన చెక్క దిమ్మలు పేర్చాకే చేయి పెట్టండి, జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టి చక్రం వెనక భాగం చూడమనండి. చక్రం మధ్యలోని హబ్బు మాత్రమే కదిలి దాని వెనక ఉన్న స్పిండిల్, అంటే చక్రం తిరిగే ఇరుసు, కదలకపోతే తేడా బేరింగులో ఉంది. స్పిండిల్‌తో సహా కదిలి యాక్సిల్ చివర నిలబడి ఉంటే కింగ్ పిన్ను బుష్షులు అరిగాయి. తర్వాత టైరును ఎడమ చివర, కుడి చివర పట్టుకుని ఊపితే టై రాడ్డు కీళ్లలో ఆట ఉందో లేదో తెలుస్తుంది. కుడి చక్రానికీ ఇలాగే చూడండి.

సెంటర్ పిన్ను కోసం జాకీ చోటు మార్చాలి. యాక్సిల్ మధ్యలో తగిలి ఉండే ముందు సపోర్టు బ్రాకెట్టు కింద పెట్టి ఎత్తండి. ఇంజిన్ ఆయిల్ చాంబరు కింద మాత్రం పెట్టకండి, అది పగులుతుంది. రెండు చక్రాలూ గాలిలో ఉన్నప్పుడు యాక్సిల్ ఉయ్యాలలా ఊగడం సహజం, దాన్ని చూసి భయపడవద్దు. గడ్డపారను యాక్సిల్ మధ్య భాగం కింద పెట్టి పైకి మీటండి. యాక్సిల్ పైకి లేచి, వదలగానే ‘టక్’మని పడితే ఆ సందు పిన్నుకూ బుష్షుకూ మధ్య ఉన్నది. గడ్డపారతో ముందుకూ వెనక్కూ నెట్టినప్పుడు బాగా జరిగితే వాషర్లు అరిగాయి. బ్రాకెట్టును ఇంజిన్‌కు పట్టి ఉంచే బోల్టులను కూడా ఒకసారి చేత్తో తడిమి చూడండి. వాటి చుట్టూ తుప్పు రంగు పొడి కనిపిస్తే అవి వదులై కదులుతున్నట్టే. పాత ట్రాక్టర్లలో ఇంజిన్ దిమ్మే బండికి వెన్నెముక. ఆ బోల్టులు వదులుగా ఉన్నా అలాగే నడిపితే ఇంజిన్ దిమ్మెలో ఆ బోల్టులు దూరే మరలు చెడిపోతాయి, ఖర్చు అక్కడి నుంచి పెరుగుతుంది.

మీరు చెప్పిన గుర్తులను బట్టి నా అంచనా చెబుతాను. గుంతలో వచ్చే చప్పుడు సెంటర్ పిన్నుదే కావచ్చు. ఎడమ టైరు ఒక్కటే లోపలి అంచు అరగడం మాత్రం దాని పని కాదు. అక్కడ కింగ్ పిన్ను బుష్షో, బేరింగో పోయి చక్రం పై భాగం లోపలికి వాలి ఉండాలి. ఎడమ హబ్బు మూత ఊడిపోతే పాలిథిన్ కవరు చుట్టి తీగతో కట్టామని రాశారు కదా. దుక్కిలో లేచే దుమ్ముకు ఆ కవరు ఏ పాటి? బేరింగులోకి ఇసుక వెళ్లి కూర్చుని ఉంటుంది. కాబట్టి మీ బండికి ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. ఒకటి బాగు చేయించి రెండోది వదిలేస్తే స్టీరింగ్ వణుకు పోదు, పెట్టిన డబ్బు దండగ అనిపిస్తుంది.

బేరింగు అయితే సులువు. హబ్బు విప్పి, కిరసనాయిల్‌తో కడిగి, దొర్లే ముక్కల మీద గాట్లు ఉన్నాయేమో చూడాలి. బేరింగు మీద చెక్కి ఉండే నంబరు చూపిస్తే ఏ కంపెనీ ట్రాక్టరన్నది అడగకుండానే షాపులో ఇస్తారు. సీలు కూడా మార్చండి. బిగించేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ నట్టును బిగువు తగిలే దాకా బిగించి, తర్వాత నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను దూరే గాడి దాకా వెనక్కి తిప్పాలి. మరీ బిగిస్తే వేడెక్కి కాలిపోతుంది. స్ప్లిట్ పిన్ను చోట మేకు వంచి పెట్టే అలవాటు మన పల్లెల్లో ఉంది, దయచేసి వద్దు. కింగ్ పిన్ను బుష్షులు అయితే పాతవి తీసి కొత్తవి దిగ్గొట్టి, పిన్నుకు సరిపోయేలా రంధ్రాన్ని సరిచేసే రీమర్ తిప్పాలి. అది లేత్ పని.

సెంటర్ పిన్ను దగ్గర మీకు దారులు మూడు ఉన్నాయి. ఏది ఎంచుకోవాలన్నది పిన్ను బయటికి తీశాక, అది కూర్చునే రంధ్రాలను చూశాక తేల్చుకోవాలి.

మొదటిది మామ చెప్పినది: పిన్నును వెల్డింగ్‌తో నింపడం, సందులో రేకు చుట్టడం. ఖర్చు తక్కువ, ఒక రోజులో బండి బయటికి వస్తుంది, అది నిజమే. కానీ పిన్ను పైపొరను కంపెనీలో వేడిచేసి గట్టిపరుస్తారు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది. రేకు ముక్క నాలుగు రోజుల్లో నలిగి, గ్రీజు దారికి అడ్డం పడి, పిన్నును గీరుతూ కూర్చుంటుంది. బ్రాకెట్టు మీదే వెల్డింగ్ చేస్తామంటే అసలే ఒప్పుకోకండి. అది పోత ఇనుము అయితే మామూలు రాడ్డుతో చేసిన అతుకు చల్లారేటప్పుడే దాని పక్కన పగులుతుంది. పనిలో చిక్కుకుని, పొలంలో పదును ఆరిపోతున్న రోజున గత్యంతరం లేక చేసే పని ఇది. మీకు ఇంకా వ్యవధి ఉంది.

రెండోది కొత్త పిన్ను, కొత్త బుష్షు. రంధ్రాలు గుండ్రంగా, దెబ్బ తినకుండా ఉంటే ఇది చాలు. మీది హెచ్‌ఎంటీ కావడం ఒక్కటే చిక్కు. కంపెనీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది, విడిభాగాలు వెతుక్కోవాలి. దొరక్కపోయినా కంగారు లేదు, పిన్నూ బుష్షూ లేత్‌లో చేయించుకునే వస్తువులే. పిన్నుకు మామూలు మెత్తటి ఇనుము కాక ఈఎన్ 8 రకం ఉక్కు కడ్డీ వాడమనండి, పైపొరను గట్టిపరచమనండి. బుష్షు గన్‌మెటల్‌ది, అంటే ఒక రకం కంచుది. దాని లోపల గ్రీజు గాడి కోయించండి, రంధ్రం నిపుల్‌కు ఎదురుగా వచ్చేలా మీరే దగ్గరుండి దిగ్గొట్టించండి. పిన్ను పెట్టే ముందే గ్రీజు గన్ను నొక్కి, బుష్షు లోపల గ్రీజు ఊరడం కళ్లతో చూడండి.

మూడోది లేత్ షాపువాళ్లు చెప్పినది. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉంటే కొత్త పిన్ను పెట్టినా అందులో ఆడుతూనే ఉంటుంది. అప్పుడు బ్రాకెట్టు విప్పి, రంధ్రాన్ని గుండ్రంగా బోరింగ్ చేయించి స్లీవు, అంటే లోపల తొడిగే గొట్టం, దిగ్గొట్టాలి. చాలా ట్రాక్టర్లలో రేడియేటరు కూడా ఆ బ్రాకెట్టు మీదే కూర్చుని ఉంటుంది. కాబట్టి విప్పడం, ఇంజిన్ కింద దిమ్మలు పెట్టి నిలపడం, మళ్లీ ఎక్కించడం పెద్ద పని. పాత సామాను షాపులో మరో బ్రాకెట్టు దొరికితే అదీ ఒక మార్గమే గానీ, దాని రంధ్రం కొలిపించకుండా, పగుళ్లు చూడకుండా డబ్బు చేతిలో పెట్టకండి. ఈ రిపేరు సరిగ్గా జరిగితే పప్పుశనగ కాదు, ఆ తర్వాత చాలా పంటలు నిశ్చింతగా దున్నుకోవచ్చు. ఖర్చు మాత్రం మొదటి రెండింటికన్నా బాగా ఎక్కువ, బండి కొన్నాళ్లు కదలదు. అందుకే అక్టోబరు దాకా ఆగకండి.

ఏ దారి పట్టినా చివర్లో ముందు చక్రాల వరస కొలిపించండి. హబ్బు ఎత్తులో టైర్ల మధ్య దూరం వెనక కన్నా ముందు వైపు కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. సరైన కొలత బండి పుస్తకంలో ఉంటుంది. ఒక రోజు దున్నాక బోల్టులన్నీ మళ్లీ బిగించండి.

మామ సంగతి. ఆయన మాట కాదని లేత్‌కు వెళితే పెద్దాయన నొచ్చుకుంటారని మీరు రెండుసార్లు రాశారు. ఆయన్ను పక్కన పెట్టాల్సిన పనే లేదు. ఆ బండి ఎన్నోసార్లు ఆయన చేతుల్లో విప్పుకుంది. విప్పడం, ఎక్కించడం, బేరింగులు సరిచేయడం ఆయనకే ఇవ్వండి; బోరింగ్, బుష్షు మాత్రం లేత్‌కు పంపండి. ‘రేకు వద్దు మామా, ఈసారి పక్కాగా చేయిద్దాం, నువ్వే దగ్గరుండాలి’ అంటే కాదనే మనిషిలా నాకు అనిపించలేదు.

ఇప్పుడు తమ్ముడు. పిన్ను బయటికి తీసే రోజు అతన్ని అక్కడ ఉండమనండి. ఇందులో నా మెలిక ఏమీ లేదు, సాక్ష్యం ఇద్దరూ కలిసి చూడాలి అంతే. పిన్ను ఎర్రటి పొడితో ఎండిపోయి వస్తే గ్రీజు చాలాకాలంగా అందలేదని తేలుతుంది. కింది వైపు ఒకే పక్క గాడి పడి ఉంటే బరువు తిన్న గుర్తు. రెండూ కనిపిస్తాయని నా ఊహ. గ్రీజు అందని పిన్ను బండలు మోయకపోయినా అరిగేది, కాస్త ఆలస్యంగా. గ్రీజు బాగా అందిన పిన్ను కూడా ఆ ట్రాలీ కింద తొందరగానే అరిగేది. ఎవరి వాటా ఎంతో లెక్క తేల్చడం ఏ మెకానిక్ వల్లా కాదు, కాబట్టి జరిగినదాని లెక్క అక్కడితో వదిలేయమని నా సలహా.

డబ్బు చెరి సగం పెట్టుకోవచ్చు. తగవు వెంటనే తీరుతుంది. అయితే రేపు మళ్లీ బండలు తోలితే మీ మనసులో అదే బాధ మొదలవుతుంది. లేదా వాడుకను బట్టి పంచుకోవచ్చు. అది న్యాయమే, కానీ ఇంతకాలం ఎవరు ఎన్ని గంటలు నడిపారో మీ ఇద్దరిలో ఎవరూ రాసి పెట్టుకోలేదు, పాత లెక్కలు తవ్వితే కొత్త తగవు. నాకు నచ్చేది ఇంకొకటి: ఈ రిపేరు చెరి సగం, ఇక మీదట ట్రాక్టరుకే ఒక ఖాతా. తమ్ముడు తోలే ప్రతి ట్రిప్పుకు ఇంత, మీరు ఇతరుల పొలం దున్నే ప్రతి గంటకు ఇంత అని ముందే అనుకుని అందులో వేయండి. టైర్లు, బేరింగులు, బీమా అన్నీ ఆ డబ్బులోంచే. ‘డీజిలూ నాదే, కష్టమూ నాదే, పైగా దీనికి కూడానా’ అని అతను అనవచ్చు. అంటే ఆ బండలు తోలడంలో నిజంగా ఎంత మిగులుతోందో ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి. అరుగుదల కూడా కలిపి చూస్తే లాభం అనుకున్నంత ఉండకపోవచ్చు, ఆ సంగతి అతనంతట అతను గ్రహించడం మంచిది. మీరు చెబితే మళ్లీ అన్న పెత్తనం అవుతుంది.

మీ అబ్బాయికి యంత్రాలంటే సరదా అని రాశారు. అనంతపురం నుంచి గుత్తి వెళ్లే దారిలో గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. ట్రాక్టరు నడపడం, చూసుకోవడం, చిన్న రిపేర్లు రైతులకు, పల్లె యువకులకు అక్కడ నేర్పుతారు. మీ అబ్బాయినీ తమ్ముడి కొడుకునీ కలిపి పంపితే గ్రీజు ఎవరి పని అన్న ప్రశ్నకు ఇంట్లో ఇద్దరు బాధ్యులు దొరుకుతారు.

అమ్మకం మాటకు వస్తే, బావమరిది చెప్పినంత తొందరగా జరిగే పని కాదది. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉందన్నారు. యజమాని చనిపోయాక వారసులు మూడు నెలల్లో ఫారం 31తో రవాణా శాఖకు దరఖాస్తు చేసుకుని పేరు మార్పించుకోవాలి. మీకు గడువు ఎప్పుడో దాటింది, ఆలస్య రుసుము పడుతుంది. అమ్మగారూ తమ్ముడూ ఒప్పుకుంటున్నట్టు కాగితం కావాలి. అది లేకుండా అమ్మితే, కొన్నవాడు రేపు ఎక్కడ ఏం చేసినా నాన్నగారి పేరుకే వస్తుంది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటి ఉంటే దాన్ని పునరుద్ధరించారో లేదో కూడా చూడండి. పైగా యాక్సిల్ ఊగుతున్న బండికి ఇనుము ధరే పలుకుతుంది. బాగు చేయించి, కాగితాలు సరిచేసి, అప్పుడు అమ్మాలనిపిస్తే అమ్మవచ్చు. కొత్త ట్రాక్టరు అప్పు మీద తీసుకుంటే కంతులు కట్టడానికి ఇద్దరూ బండలు తోలాల్సి వస్తుందేమో అదీ ఆలోచించుకోండి. అమ్మినా, ఉంచుకున్నా ఆ పేరు మార్పు తప్పదు కాబట్టి, బ్రాకెట్టు లేత్ షాపులో ఉండే రోజుల్లోనే ముగ్గురూ కలిసి రవాణా కార్యాలయానికి వెళ్లి రండి.